టైమ్ జోన్లు దాటి జాబ్‌లు షెడ్యూల్ చేయడం: సమగ్ర మార్గదర్శి

"రోజూ ఉదయం 9 గంటలకు రిపోర్ట్ వెళ్లాలి." వినడానికి చిన్న పనే. చెప్పిన టైమ్‌కి ప్రోగ్రామ్‌లను నడిపే క్రాన్ అనే టూల్‌లో ఒక లైను రాస్తే అయిపోతుంది. సర్వర్, ఆ లైను రాసినవాళ్లు, రిపోర్ట్ చదివేవాళ్లు అందరూ ఒకే టైమ్ జోన్‌లో ఉన్నంత కాలం నిజంగానే అయిపోతుంది. వీళ్లలో ఒక్కరు వేరే చోట ఉన్నా, అడగకుండా వదిలేసిన ప్రశ్న ముందుకొస్తుంది: ఎవరి 9 గంటలు?

దీనికి దాదాపు అందరూ చెప్పే సలహా ఒకటుంది. "అన్నీ యూటీసీలో పెట్టేయండి, గొడవ ఉండదు" అంటారు. యూటీసీ అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైమ్. ఆ సలహా సగమే నిజం. జరిగిపోయినవాటికి యూటీసీ చక్కగా సరిపోతుంది. లాగిన్ ఎప్పుడైంది, పేమెంట్ ఎప్పుడు పడింది, ఫైలు ఎప్పుడొచ్చింది, ఇవేవీ ఇక మారవు. జరగబోయే పనుల సంగతి వేరు. వచ్చే ఏడాది ఒక తేదీన న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే యూటీసీలో ఎంత అన్నది, అప్పటికి అక్కడి ప్రభుత్వం గడియారాలను ఎలా నడుపుతుందో దాన్ని బట్టి ఉంటుంది. ఇండియాలో లేదు గానీ, చాలా దేశాల్లో ఎండాకాలానికి గడియారాలను ముందుకు జరిపి, చలికాలానికి తిరిగి వెనక్కి తెస్తారు. ఇవాళే దాన్ని యూటీసీలోకి మార్చి అసలు టైమ్ పారేశామంటే, ఒక అంచనాను నిజమని రాసిపెట్టుకున్నట్టే. కింద చెప్పే అడుగులన్నీ ఈ ఒక్క తేడాను పట్టుకునే సాగుతాయి.

అడుగు 1: పని ఏ రకమో ముందు తేల్చుకోండి

కోడ్ ముట్టుకునే ముందు ఆ పని అడిగినవాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: "మీ దేశంలో గడియారాలు గంట ముందుకు జరిపితే, ఈ పని కూడా వాటితో పాటు జరగాలా?"

జరగాలి అంటే అది లోకల్ టైమ్‌కి కట్టుబడిన పని. ఉదయం 9కి ఆఫీసు రిపోర్ట్, సాయంత్రం మార్కెట్ మూసిన తర్వాత లెక్కలు, యూజర్‌కి రాత్రి 8కి రిమైండర్, నెల మొదటి తేదీన ఇన్వాయిస్, ఇవన్నీ ఈ కోవలోవే. మనుషుల దినచర్యకు ముడిపడిన పనులు చాలావరకు ఇక్కడికే వస్తాయి.

అక్కర్లేదు అంటే అది ఒక క్షణానికి కట్టుబడిన పని. ఒక సేల్ ప్రపంచమంతా ఒకే క్షణంలో మొదలవ్వాలి, ఒక సర్టిఫికెట్ ఫలానా క్షణంలో ఎక్స్‌పైర్ అవుతుంది. వీటికి యూటీసీయే సరైనది, ఇక ఆలోచించక్కర్లేదు.

"ప్రతి 15 నిమిషాలకు క్యూ చూడు", "ఫెయిలైతే 6 గంటల తర్వాత మళ్లీ ప్రయత్నించు" లాంటివి వ్యవధికి సంబంధించినవి. వీటికి టైమ్ జోన్‌తో పనే లేదు. వీటిని యూటీసీలో లెక్కపెట్టండి, అంతే.

ఇంకొక రకం తరచూ మర్చిపోతారు: యూజర్ ఎక్కడుంటే అక్కడి టైమ్‌కి నడవాల్సినవి. రాత్రి 8కి మందు వేసుకోమని గుర్తుచేసే యాప్‌లో, మనిషి ప్రయాణం చేస్తే రిమైండర్ కూడా అతనితో పాటు మారాలి. వారానికోసారి టీమ్‌కి వెళ్లే సారాంశం మాత్రం టీమ్ లీడ్ విమానం ఎక్కినంత మాత్రాన మారకూడదు. ఫోన్‌లోని టైమ్ జోన్ మారగానే యూజర్ సెట్టింగ్‌ను చెప్పకుండా మార్చేసే యాప్‌లు ఈ రెండింటినీ కలిపేస్తాయి. అడిగి మార్చడమే మంచిది.

రెండు దేశాల టీమ్‌లకు ఉమ్మడి పని అయితే, ఒక జోన్‌ను యజమానిగా ఎంచుకోక తప్పదు. అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారం ముందుకు జరుగుతాయి. యూరప్‌లో అది మార్చి చివరి ఆదివారం. 2026లో ఆ తేదీలు మార్చి 8, మార్చి 29. మామూలుగా న్యూయార్క్, లండన్‌ల మధ్య 5 గంటల తేడా ఉంటుంది, ఆ మూడు వారాలు మాత్రం 4 గంటలే. అక్టోబర్ 25 నుంచి నవంబర్ 1 దాకా మళ్లీ అదే పరిస్థితి. ఇద్దరికీ ఏడాది పొడవునా ఒకే టైమ్‌కి పడే షెడ్యూల్ అసలు సాధ్యం కాదు. ఎవరికి మారినా ఫర్వాలేదో ముందే మాట్లాడుకుంటే ఆ వారాల్లో టెన్షన్ ఉండదు.

అడుగు 2: జోన్‌ను పూర్తి పేరుతో రాయండి

ఐఎస్‌టీ అంటే ఇండియానా, ఇజ్రాయెలా, ఐర్లండా? సీఎస్‌టీ అంటే అమెరికా మధ్య ప్రాంతమా, చైనానా, క్యూబానా? ఈ పొట్టి పేర్లను కాన్ఫిగ్‌లోకి రానివ్వకండి.

ప్లస్ 5:30, మైనస్ 5 లాంటి ఆఫ్‌సెట్లతోనూ పని జరగదు. ఆఫ్‌సెట్ ఒక క్షణంలో యూటీసీకి, లోకల్ టైమ్‌కి మధ్య ఉన్న తేడా మాత్రమే. న్యూయార్క్‌కి చలికాలంలో మైనస్ 5, ఎండాకాలంలో మైనస్ 4. మైనస్ 5 అని దాచుకుంటే, అది ఎప్పుడు మారుతుందో తెలిసే దారి ఉండదు. ఆఫ్‌సెట్లన్నీ పూర్తి గంటలని కూడా అనుకోకండి. ఇండియా ప్లస్ 5:30, నేపాల్ ప్లస్ 5:45, న్యూజిలాండ్‌కు చెందిన చాథమ్ దీవులు ప్లస్ 12:45. ఆస్ట్రేలియాలోని లార్డ్ హౌ దీవిలో ఎండాకాలం మార్పు కూడా గంట కాదు, అరగంటే. ఆఫ్‌సెట్‌ను పూర్ణాంకంగా, గంటల్లో దాచే కాలమ్ కనిపిస్తే దాన్ని ముందు సరిచేయండి.

వాడాల్సింది ఐఏఎన్‌ఏ (ఇంటర్నెట్ పేర్లు, నంబర్లను చూసుకునే సంస్థ) టైమ్ జోన్ డేటాబేస్‌లోని పేర్లు: ఏషియా/కోల్‌కతా, అమెరికా/న్యూయార్క్, యూరప్/లండన్ తరహావి. 1980లలో ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ మొదలుపెట్టిన ఈ డేటాబేస్ 2011లో ఐఏఎన్‌ఏ ఆధ్వర్యంలోకి వచ్చింది. ఏ ప్రాంతంలో ఏ కాలంలో ఏ నియమం నడిచిందో, ముందు ముందు ఏది నడుస్తుందని ప్రకటించారో అందులో ఉంటుంది. లినక్స్, మ్యాక్, ఆండ్రాయిడ్, జావా, పైథాన్ అన్నీ దాని మీదే ఆధారపడతాయి. విండోస్‌కు తన సొంత పేర్లున్నాయి. వాటికీ వీటికీ పొంతన చూపే పట్టికను యూనికోడ్ సంస్థ సీఎల్‌డీఆర్ అనే తన డేటా సంకలనంలో ఇస్తుంది, లేదా మీరు వాడే లైబ్రరీయే ఆ పని చేసిపెడుతుంది.

ఈ డేటాబేస్‌లో ఈటీసీ/జీఎంటీ ప్లస్ 5 లాంటి పేర్లూ కనిపిస్తాయి. వాటిని వాడకండి. వాటిలో గుర్తు తిరగబడి ఉంటుంది. జీఎంటీ ప్లస్ 5 అంటే యూటీసీకి 5 గంటలు వెనక అని అర్థం. పోసిక్స్ అనే యూనిక్స్ ప్రమాణంలోని పాత సంప్రదాయం నుంచి వచ్చిన చిక్కు అది.

అడుగు 3: డేటాబేస్‌లో ఏం దాచాలి

లోకల్ టైమ్‌కి కట్టుబడిన పనికి మూడు విషయాలు అసలైనవి: లోకల్ టైమ్, జోన్ పేరు, ఎప్పుడెప్పుడు నడవాలన్న నియమం. నాలుగోది వాటి నుంచి లెక్కకట్టి పెట్టుకునే కాపీ.

టైమ్: 09:00
జోన్: అమెరికా/న్యూయార్క్
నియమం: సోమవారం నుంచి శుక్రవారం
తర్వాతి రన్: 2026-03-09 13:00 యూటీసీ

చివరి లైనును మాత్రమే దాచి, ప్రతిసారీ దానికి 24 గంటలు కలుపుకుంటూ పోతే ఏమవుతుందో దగ్గరగా చూద్దాం. 2026 మార్చి 6, శుక్రవారం. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే 14:00 యూటీసీ. ఆదివారం అక్కడ గడియారాలు ముందుకు జరుగుతాయి. సోమవారం ఉదయం 9 అంటే 13:00 యూటీసీ. మన జాబ్ మాత్రం 14:00కే లేస్తుంది, అప్పటికి అక్కడ పది గంటలు. 9:30 మీటింగ్‌కి రిపోర్ట్ లేదు. ఎర్రర్ రాదు, అలర్ట్ మోగదు, లాగ్‌లో అంతా సవ్యంగానే కనిపిస్తుంది. నవంబర్‌లో అది దానంతట అదే సర్దుకుంటుంది కాబట్టి ఇలాంటి బగ్‌లు ఏళ్ల తరబడి బతుకుతాయి.

క్యాలెండర్ యాప్‌లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 2009లో వచ్చిన ఐక్యాలెండర్ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 5545 కూడా మళ్లీ మళ్లీ వచ్చే ఈవెంట్‌ను లోకల్ టైమ్, జోన్ గుర్తింపు, నియమం రూపంలోనే దాస్తుంది.

కాలమ్ రకాల దగ్గర ఒక అపోహ ఉంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో టైమ్‌స్టాంప్ విత్ టైమ్ జోన్ అన్న పేరు చూసి అది జోన్‌ను కూడా దాస్తుందనుకుంటారు. దాచదు. ఇచ్చిన విలువను యూటీసీలోకి మార్చుకుని, జోన్‌ను వదిలేస్తుంది. చదివేటప్పుడు ఆ సెషన్‌కు ఏ జోన్ సెట్ చేసి ఉంటే అందులో చూపిస్తుంది. కాబట్టి తర్వాతి రన్‌కి అది సరైన రకమే, కానీ జోన్ పేరుకు వేరే టెక్స్ట్ కాలమ్ ఉండి తీరాలి. మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌స్టాంప్ రకం లోపల యూటీసీగా మారుతుంది, డేట్‌టైమ్ రకం ఇచ్చింది ఇచ్చినట్టే ఉంటుంది. టైమ్‌స్టాంప్ పరిధి 2038 జనవరి 19తో ముగుస్తుంది కాబట్టి, దూరపు తేదీల పనులకు అది పనికిరాదు.

అడుగు 4: లేని గంట, రెండుసార్లు వచ్చే గంట

మొత్తం పనిలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. 2026 మార్చి 8న న్యూయార్క్‌లో 1:59 తర్వాత 3:00 వస్తుంది. ఆ రోజు 2:30 అనే టైమ్ అసలు ఉండదు. నవంబర్ 1న 1:59 తర్వాత మళ్లీ 1:00 వస్తుంది. ఆ రోజు 1:30 రెండుసార్లు వస్తుంది, ఒకసారి 5:30 యూటీసీకి, ఇంకోసారి 6:30 యూటీసీకి.

రోజూ 2:30కి బ్యాకప్ నడవాలని ఉంటే మార్చి 8న ఏం చేయాలి? వదిలేయాలా, 3:00కే నడపాలా, 3:30కా? రోజూ 1:30కి బిల్లింగ్ ఉంటే నవంబర్ 1న ఒకసారా, రెండుసార్లా? దీనికి లెక్కల్లో జవాబు లేదు, మీరే నిర్ణయించాలి. నిర్ణయించకపోతే మీ లైబ్రరీ నిర్ణయిస్తుంది, ఒక్కో లైబ్రరీది ఒక్కో తీరు.

జావాలో జోన్డ్‌డేట్‌టైమ్ తయారుచేసేటప్పుడు లేని టైమ్ ఇస్తే, ఖాళీ ఎంత ఉందో అంత ముందుకు జరుపుతుంది, అంటే 2:30 కాస్తా 3:30 అవుతుంది. రెండుసార్లు వచ్చే టైమ్ ఇస్తే మొదటిదాన్ని తీసుకుంటుంది. పైథాన్‌లో ఫోల్డ్ అనే గుణం 0 అయితే మొదటిది, 1 అయితే రెండోది. లేని టైమ్ ఇచ్చినా పైథాన్ ఎర్రర్ ఇవ్వదు, మౌనంగా స్వీకరిస్తుంది. జావాస్క్రిప్ట్‌లో తేదీలు, టైమ్‌ల కోసం ఉన్న టెంపోరల్ పద్ధతి నాకు అన్నిటికన్నా నచ్చింది. ముందుది కావాలా, తర్వాతిది కావాలా, ఎర్రర్ ఇవ్వాలా అన్నది కోడ్‌లోనే స్పష్టంగా చెప్పవచ్చు. చదివేవాళ్లకు మీ ఉద్దేశం అక్కడే కనిపిస్తుంది.

చాలా సిస్టమ్‌లకు సరిపోయే విధానం ఇది: లేని టైమ్ అయితే ఖాళీ ముగిసిన వెంటనే నడపండి, రెండుసార్లు వచ్చేదైతే మొదటిసారి మాత్రమే నడపండి. డబ్బుకు సంబంధించిన పనుల్లో ఈ నియమాన్ని డాక్యుమెంట్‌లో రాసి, అకౌంట్స్ వాళ్లకు చూపించి ఒప్పించండి.

ఇంతకన్నా సులువైన ఉపాయమూ ఉంది. వీలైనంతవరకు రాత్రి 12 నుంచి 3 మధ్య లోకల్ టైమ్ పనులు పెట్టకండి. 4:15కి పెడితే ఈ చిక్కుల్లో చాలావరకు ఎదురుపడవు. 12 నుంచే ఎందుకు అంటే, అన్ని దేశాలూ 2 గంటలకే మార్చవు. ఈజిప్ట్, లెబనాన్ లాంటిచోట్ల అర్ధరాత్రే మారుస్తారు. అంటే గడియారం ముందుకు జరిగే రోజు అక్కడ 00:00 ఉండదు, రోజు 01:00కి మొదలవుతుంది. "రోజు మొదలు అంటే 00:00" అని కోడ్‌లో నేరుగా రాసినచోటల్లా ఇది దెబ్బకొడుతుంది. జావాలో ఎట్ స్టార్ట్ ఆఫ్ డే లాంటి ఫంక్షన్‌కు జోన్ ఇచ్చి అడిగితే ఆ జోన్‌లో ఆ తేదీకి నిజమైన మొదటి క్షణం ఏదో అదే చెబుతుంది.

అడుగు 5: తర్వాతి రన్ లెక్కకట్టడం

86,400 సెకన్లు కలిపితే రేపు అవుతుందన్న లెక్క మీ కోడ్‌లో ఎక్కడున్నా తీసేయండి. గడియారం మారే రోజుల్లో రోజుకు 23 గంటలో 25 గంటలో ఉంటాయి. సరైన వరుస ఇది. ముందు లోకల్ తేదీని ఒక రోజు జరపాలి, దానికి 09:00 జత చేయాలి, ఆ తర్వాతే జోన్ నియమాలతో యూటీసీలోకి మార్చాలి. జావాలో ఒక రోజు కలపడం వేరు, 24 గంటలు కలపడం వేరు, రెండూ సరిగ్గా పనిచేస్తాయి. పైథాన్‌లో జాగ్రత్త కావాలి. జోన్ ఉన్న డేట్‌టైమ్‌కి 24 గంటలు కలిపినా అది గడియారం మీది అంకెలనే జరుపుతుంది, నిజంగా గడిచే 24 గంటలను కాదు. గడిచే సమయం కావాలంటే యూటీసీలోకి మార్చి కలిపి, తిరిగి జోన్‌లోకి తెచ్చుకోవాలి.

తర్వాతి రన్‌ను ఎప్పుడూ అనుకున్న టైమ్ నుంచి లెక్కకట్టండి, నిజంగా నడిచిన టైమ్ నుంచి కాదు. 9:00 జాబ్ 9:04కి మొదలైందని రేపటిది 9:04కి పెడితే, నెల తిరిగేసరికి అది ఎటో వెళ్లిపోతుంది. నెలవారీ పనుల్లోనూ ఇదే సూత్రం. జనవరి 31కి నెల కలిపితే ఫిబ్రవరి 28, దానికి మళ్లీ నెల కలిపితే మార్చి 28. మొదటి తేదీ 31 అన్నది గుర్తుంచుకుని, ప్రతి నెలా దాన్నుంచే లెక్కకడితే మార్చి 31 వస్తుంది.

రిపోర్ట్ "నిన్నటి" డేటాదైతే, ఆ నిన్న కూడా జోన్‌లోనే తేలాలి. నిన్నటి మొదటి క్షణం నుంచి ఇవాళ్టి మొదటి క్షణానికి ముందు వరకు అని తీసుకుని, ఆ రెండు అంచులనూ యూటీసీలోకి మార్చి క్వెరీ రాయండి. ఇప్పటి నుంచి వెనక్కి 24 గంటలు అని రాస్తే, ఏడాదిలో ఒక రోజు గంట డేటా రెండుసార్లు లెక్కలోకి వస్తుంది, ఇంకో రోజు గంట డేటా అసలు రాదు.

అడుగు 6: మీ చేతిలో ఉన్న టూల్‌తో

ముందు, యూటీసీలో నడిచే క్రాన్‌తో వచ్చే చిక్కు. టోక్యో ప్లస్ 9, అక్కడ గడియారాల మార్పు లేదు. ఇక సమస్యేముంటుంది అనిపిస్తుంది. అక్కడ సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 8కి జాబ్ కావాలని, 23:00 యూటీసీ లెక్కన ఇలా రాశారనుకోండి (వరుసగా నిమిషం, గంట, తేదీ, నెల, వారంలో రోజు; ఆదివారం అంటే 0):

0 23 * * 1-5

సోమవారం ఉదయం 8 టోక్యోలో అంటే యూటీసీలో ఆదివారం 23:00. పై లైనులో ఆదివారం లేదు, కాబట్టి సోమవారం జాబ్ నడవదు. శుక్రవారం 23:00 యూటీసీ అంటే అక్కడ శనివారం ఉదయం, సెలవు రోజున నడుస్తుంది. రోజులను 0-4 అని మారిస్తే ఇది సరిపోతుంది. కానీ "ప్రతి నెల 1వ తేదీ ఉదయం 8" కావాలంటే అది యూటీసీలో ముందు నెల చివరి రోజు అవుతుంది, మామూలు క్రాన్ రాతలో ఆ మాట చెప్పే దారే లేదు. షెడ్యూలర్‌కే జోన్ తెలిసి ఉండటం ఎందుకు అవసరమో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

క్రోనీ అనే క్రాన్ వెర్షన్‌లో క్రాన్‌ట్యాబ్ (క్రాన్ లైన్లు రాసే ఫైలు) పైన క్రాన్-టీజెడ్ అనే వేరియబుల్‌కి జోన్ పేరు ఇస్తే కింది లైన్లన్నీ ఆ జోన్‌లో నడుస్తాయి. అన్ని క్రాన్‌లకూ ఈ సౌకర్యం లేదు. లేనిచోట అది మామూలు వేరియబుల్‌గా మిగిలిపోతుంది, తప్పని ఎవరూ చెప్పరు. ముందు మ్యాన్ పేజీ (టూల్‌తో పాటు వచ్చే వివరణ) చూసుకోండి. డెబియన్ క్రాన్ మూడు గంటల లోపు గడియారం మార్పులను ప్రత్యేకంగా చూస్తుంది. దాటిపోయిన గంటలోని జాబ్‌లను వెంటనే నడుపుతుంది, తిరిగొచ్చిన గంటలో రెండోసారి నడపకుండా చూస్తుంది. ఇది నిర్ణీత టైమ్ ఉన్న జాబ్‌లకే వర్తిస్తుంది.

లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ టైమర్లలో ఆన్‌క్యాలెండర్ లైను చివర జోన్ పేరు రాయవచ్చు. సిస్టమ్‌డీ-అనలైజ్ క్యాలెండర్ కమాండ్‌కు అదే లైను ఇస్తే తర్వాత ఎప్పుడు నడుస్తుందో లోకల్‌లోనూ యూటీసీలోనూ చూపిస్తుంది. పర్సిస్టెంట్ ఆన్ చేస్తే, మెషీన్ ఆగి ఉన్నప్పుడు తప్పిన రన్‌ను అది లేచాక నడుపుతుంది.

కంటెయినర్లను (ప్రోగ్రామ్‌ను దానికి కావలసినవాటితో కలిపి కట్టిన మూటలను) నడిపే కుబర్నెటీస్‌లో, క్రాన్‌జాబ్‌కు టైమ్‌జోన్ అనే ఫీల్డ్ ఉంది, 1.27 వెర్షన్ నుంచి అది స్టేబుల్. అది ఇవ్వకపోతే కంట్రోలర్ మేనేజర్ నడుస్తున్న మెషీన్ జోన్ వర్తిస్తుంది, అది ఎవరు ఎప్పుడు ఎలా పెట్టారో మీకు తెలియకపోవచ్చు. కాబట్టి యూటీసీ కావాలన్నా సరే, ఆ ఫీల్డ్ రాయండి. అమెజాన్ క్లౌడ్‌లో ఈవెంట్‌బ్రిడ్జ్ షెడ్యూలర్ జోన్ పేరు తీసుకుంటుంది. పనుల వరుసలను నడిపే ఎయిర్‌ఫ్లోలో డ్యాగ్ (అలాంటి ఒక వరుస) మొదటి తేదీకి జోన్ ఇస్తే షెడ్యూల్ దాన్ని పాటిస్తుంది, ఇవ్వకపోతే యూటీసీయే.

కంటెయినర్ల సంగతి ఒకటి. ఆల్పైన్ లాంటి చిన్న ఇమేజ్‌లలో టైమ్ జోన్ డేటా ఉండదు, టీజెడ్‌డేటా ప్యాకేజీని విడిగా పెట్టుకోవాలి. మీ ల్యాప్‌టాప్‌లో పనిచేసిన కోడ్ అక్కడ జోన్ పేరు దొరకలేదని ఆగిపోతుంది. కొన్ని టూల్స్ అయితే ఆగకుండా యూటీసీకి దిగిపోతాయి. ఆగిపోవడమే నయం. సర్వీస్ మొదలయ్యేటప్పుడే మీరు వాడే జోన్ పేర్లన్నీ తెరిచి చూసే చెక్ పెట్టండి.

అడుగు 7: ఒక్కసారే నడిచేలా చూడటం

సొంతంగా షెడ్యూలర్ రాస్తుంటే, నిమిషానికోసారి టేబుల్ చూసి "తర్వాతి రన్ ఇప్పటికి వచ్చేసిందా, దాటిపోయిందా" అని అడగండి. "సరిగ్గా ఇప్పుడేనా" అని అడిగితే, సర్వర్ ఒక నిమిషం పాటు బిజీగా ఉన్నా ఆ జాబ్ జారిపోతుంది. ఇద్దరు వర్కర్లు ఒకే వరుసను పట్టుకోకుండా పోస్ట్‌గ్రెస్‌లో క్వెరీలో ఫర్ అప్‌డేట్‌తో పాటు స్కిప్ లాక్డ్ వాడవచ్చు, ఒకరు పట్టుకున్న వరుసను ఇంకొకరు దాటేస్తారు.

ప్రతి రన్‌కీ ఒక కీ ఉండాలి: జాబ్ ఐడీ, దానితో పాటు అనుకున్న లోకల్ తేదీ. దాని మీద యూనిక్ నియమం పెట్టండి. రోజుకోసారి నడవాల్సిన బిల్లింగ్‌కు ఈ కీ ఉంటే, 1:30 రెండుసార్లు వచ్చినా, రీట్రై జరిగినా, జాబ్‌ను ఎవరైనా చేత్తో మళ్లీ నడిపినా రెండోది చేరదు. గంటకోసారి నడిచేవాటికి మాత్రం లోకల్ తేదీ, గంట సరిపోవు. 25 గంటల రోజున ఒక గంట పోతుంది. అక్కడ యూటీసీ క్షణమే కీ కావాలి.

తప్పిపోయిన రన్‌ల విషయం కూడా ముందే తేల్చుకోండి. సర్వర్ ఆరు గంటలు పడిపోయి లేచింది. గంట గంటకూ నడవాల్సిన ఆరు రన్‌లను ఒకేసారి నడపాలా, చివరిది ఒక్కటి చాలా? లెక్కల జాబ్‌కి అన్నీ కావాలి, నోటిఫికేషన్‌కి చివరిది చాలు. ఉదయం 9 రిమైండర్‌ను అర్ధరాత్రి పంపడం కన్నా మానేయడమే మంచిది, కాబట్టి ఎంత ఆలస్యం దాకా ఫర్వాలేదో ప్రతి జాబ్‌కీ గడువు పెట్టండి. కుబర్నెటీస్‌లో స్టార్టింగ్ డెడ్‌లైన్ సెకండ్స్ ఇందుకే ఉంది.

అడుగు 8: నియమాలు మారతాయి, దానికి సిద్ధంగా ఉండండి

టైమ్ జోన్ నియమాలు ఎవరో ఇంజనీర్లు పెట్టేవి కావు, ప్రభుత్వాలు పెట్టేవి. 2016లో ఈజిప్ట్ ఎండాకాలం మార్పును అమలుకు కొద్ది రోజుల ముందు రద్దు చేసింది, 2023లో మళ్లీ తెచ్చింది. మెక్సికో 2022లో దేశంలో చాలాభాగం దాన్ని ఎత్తేసింది. మొరాకో ఏడాదంతా ప్లస్ 1లో ఉండి రంజాన్ మాసంలో యూటీసీకి వస్తుంది, అంటే ఆ తేదీలు ప్రతి ఏడాదీ జరుగుతుంటాయి. 2023 మార్చిలో లెబనాన్ ప్రభుత్వం గడియారం మార్పును చివరి రోజుల్లో వాయిదా వేస్తే, కొన్ని సంస్థలు దాన్ని ఒప్పుకోక పాత తేదీకే మార్చుకున్నాయి. ఒకే దేశంలో కొద్ది రోజులు రెండు టైమ్‌లు నడిచాయి, ఆ తర్వాత నిర్ణయం వెనక్కి తీసుకున్నారు.

అందుకని రెండు పనులు చేయాలి. మొదటిది, టైమ్ జోన్ డేటాను సెక్యూరిటీ అప్‌డేట్లంత శ్రద్ధగా తెచ్చుకోవడం. ఇక్కడ చిక్కేమిటంటే, ఆ డేటా ఒక్కచోట ఉండదు. ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక కాపీ, జావాలో దాని సొంత కాపీ, సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌లో ఐసీయూ లైబ్రరీతో వచ్చేది ఇంకొకటి, మైఎస్‌క్యూఎల్‌లో టేబుళ్లలో నింపుకునేది వేరొకటి, యూజర్ ఫోన్‌లో మరొకటి. సర్వర్‌ను అప్‌డేట్ చేసి జావాను వదిలేస్తే, ఒకే మెషీన్ మీద రెండు ప్రోగ్రామ్‌లు గంట తేడాతో మాట్లాడతాయి. ప్రతి సర్వీస్ తన డేటా వెర్షన్ ఏదో మొదట్లోనే లాగ్‌లో రాస్తే ఇది పట్టుకోవడం తేలిక.

రెండోది, అప్‌డేట్ వచ్చాక తర్వాతి రన్ కాలమ్‌ను మళ్లీ లెక్కకట్టడం. కొత్త డేటా వచ్చినంత మాత్రాన ముందే లెక్కకట్టి దాచుకున్న యూటీసీ విలువలు మారవు. లోకల్ టైమ్‌నూ జోన్‌నూ దాచుకుని ఉంటే ఇది చిన్న స్క్రిప్ట్ పని. యూటీసీ మాత్రమే దాచుకుంటే, ఆ విలువ అసలు ఏ లోకల్ టైమ్ నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

అడుగు 9: మనుషులకు చూపించడం

స్క్రీన్ మీద "09:00" అని మాత్రమే ఎప్పుడూ రాయకండి. "09:00, న్యూయార్క్ టైమ్" అని ఊరి పేరుతో రాయండి, కింద చూసేవాళ్ల లోకల్ టైమ్ కూడా చూపండి. షెడ్యూల్ పెట్టే ఫారంలో రాబోయే నాలుగైదు రన్‌ల తేదీలూ టైమ్‌లూ కనిపించేలా చేస్తే, సేవ్ నొక్కకముందే తప్పు కంటపడుతుంది. గడియారం మారే తేదీ వాటిలో ఉంటే దాన్ని తప్పకుండా చేర్చండి. లాగ్‌లు మాత్రం యూటీసీలోనే ఉండనివ్వండి. అనుకున్న టైమ్, నిజంగా మొదలైన టైమ్ రెండూ రాయండి.

అడుగు 10: టెస్టులు

కోడ్‌లో ఎక్కడపడితే అక్కడ "ఇప్పుడు టైమెంత" అని సిస్టమ్‌ను నేరుగా అడిగితే టెస్ట్ రాయలేం. గడియారాన్ని బయటి నుంచి ఇవ్వగలిగేలా పెట్టుకోండి. టెస్టులను నడిపే మెషీన్ జోన్‌ను యూటీసీ కాకుండా వేరేదానికి మార్చి కూడా ఒకసారి నడపండి. దాగి ఉన్న ఊహలు చాలా బయటపడతాయి.

న్యూయార్క్‌కి 2026 మార్చి 7 నుంచి 9 వరకు, అక్టోబర్ 31 నుంచి నవంబర్ 2 వరకు రోజువారీ జాబ్‌ను నడిపి రన్‌లు లెక్కపెట్టండి. 2:30 జాబ్, 1:30 జాబ్, 9:00 జాబ్ మూడింటికీ రోజుకు ఒక్కటే రావాలి. కోల్‌కతా, కాఠ్మాండూ జోన్లతో గంట మధ్యలో పడే ఆఫ్‌సెట్లను చూడండి. కైరోలో గడియారం ముందుకు జరిగే రోజున రోజు మొదటి క్షణం 01:00 అని వస్తుందో లేదో చూడండి. పసిఫిక్/అపియా జోన్‌లో 2011 డిసెంబర్ 29కి ఒక రోజు కలిపే టెస్ట్ కూడా రాయండి. సమోవా అప్పుడు అంతర్జాతీయ దినరేఖకు ఇవతలికి మారి, డిసెంబర్ 30ని పూర్తిగా దాటేసింది. అక్కడ ఆ తేదీ అసలు లేదు. మీ కోడ్ ఆ రోజు అనంతంగా తిరగకుండా 31కి చేరుకుంటే చాలు.

ఇప్పటికే యూటీసీలో నడుస్తున్నవాటిని మార్చాలంటే

జాబ్‌ల జాబితా తీసి, ప్రతిదానికీ యజమాని ఎవరో కనుక్కుని అడుగు 1లోని ప్రశ్న అడగండి. క్షణానికి, వ్యవధికి సంబంధించినవి పక్కకు పోతాయి. మిగిలినవాటికి లోకల్ టైమ్ ఏదని యూటీసీ విలువ నుంచి ఊహించకండి. ఆ విలువ చలికాలంలో పెట్టారా ఎండాకాలంలో పెట్టారా అన్నదాన్ని బట్టి జవాబు గంట మారుతుంది, కాబట్టి మనిషినే అడగాలి. ఒక్కో జోన్‌నూ విడివిడిగా మార్చండి, ఆ జోన్‌లో గడియారం మారే వారాన్ని వదిలేసి. పాత షెడ్యూల్ ఆపాకే కొత్తది మొదలుపెట్టండి. రన్ కీ రెండింటికీ ఒకటే అయితే, మార్చిన రోజున కూడా రిపోర్ట్ ఒక్కసారే వెళ్తుంది.